ఇద్దరు పట్టిన రంపం

నేను ఒక రంపాన్ని. అలవాటు కొద్దీ అలా అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే సగం రంపాన్ని. కాలవగట్టు మీద పాత ఇనప సామాన్లవాడి పాకలో, కాళ్లు విరిగిన మడతమంచానికీ తుప్పు పట్టిన సైకిలు రిమ్ముకీ మధ్య పడి ఉన్నాను. నాకు ఒక్కటే పిడి ఉంది. రెండో కొసన గ్యాసుతో కోసిన మచ్చ, కాలిన పుండులా. దారిన పోయేవాళ్లు నన్ను చూసి ఏదో కత్తి అనుకుంటారు. అనుకోనీ. మనుషులు ఒకసారి అనుకున్నదాన్ని మార్చడం ఎవరి వల్లా కాదని నాకు బాగా తెలిసొచ్చింది.

నన్ను ఏ ఫ్యాక్టరీలో కాల్చారో, ఎవరు సాగగొట్టారో గుర్తులేదు. నా జ్ఞాపకం రాజమండ్రిలో ఒక ఇనపకొట్టు దగ్గర మొదలవుతుంది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, చెరో కొసా పట్టుకుని నన్ను ఊపి చూశారు. నా నడుం నీళ్లలో పాములా అలలు తిరిగింది. పొట్టిగా బిగువుగా ఉన్నవాడు నూకరాజు. పొడుగ్గా, నోరు పెద్దగా ఉన్నవాడు బుల్లియ్య. బుల్లియ్య చెల్లెలు సత్యవేణిని నూకరాజు ఆ వేసవిలోనే చేసుకున్నాడు. బావలిద్దరూ కలిసి చెట్లు కొట్టే పని పెట్టుకుందామని కోనసీమ నుంచి బస్సెక్కి వచ్చారు.

"మిషన్లు వచ్చేత్తన్నాయి గదయ్యా, ఇద్దరు మనుషుల్ని తినే ఈ రంపం ఎందుకు మీకు?" అన్నాడు కొట్టువాడు.

"ఈణ్ణి ఒక్కణ్ణీ పంపితే చెట్టుకింద నిద్దరోతాడండి. ఎదురుగా ఒకడుండాల" అన్నాడు బుల్లియ్య.

"ఆయ్, లేపడానికి ఈడి నోరు చాలదాండి, ఊరంతా లేత్తాది" అన్నాడు నూకరాజు.

ఇంటికొచ్చాక తుమ్మకర్ర చెక్కి ఎవరి పిడి వాళ్లే చేసుకున్నారు. బుల్లియ్య పిడి వాడిలాగే పొడుగు. నూకరాజు పిడి పొట్టిది, నున్ననిది.

నన్ను నడిపేవాళ్లు లాగాలి, నెట్టకూడదు. అంతకుమించిన విద్య ఏమీ లేదు. ఒకడు లాగుతున్నప్పుడు రెండోవాడు చెయ్యి వదులు చేసి ఊరుకోవాలి. తన వంతు వచ్చాక తను లాగాలి. నెట్టితే నేను మధ్యలో వంగి ఇరుక్కుపోతాను. నా పళ్లు కూడా అన్నీ ఒకే తీరున ఉండవు. ఒకటి ఎడమకి ఒరుగుతుంది, దాని పక్కది కుడికి ఒరుగుతుంది. అలా ఉంటేనే చెక్కలో నాకు దారి దొరుకుతుంది. ఒక వరస పదునుగా ఉండి రెండోది మొద్దుబారితే, పదునున్న వైపుకి కోత గుంజుకుపోతుంది.

ఆదివారం వస్తే సత్యవేణి ఇంటి అరుగుమీద నన్ను అడ్డంగా పెట్టుకుని, చెరో పక్కా కూర్చుని ఆకురాయి పట్టేవాళ్లు. ఎడమకి ఒరిగిన పళ్లు బుల్లియ్యవి. కుడికి ఒరిగినవి నూకరాజువి. ఒకరి పన్ను ఇంకొకరు ముట్టుకునేవారు కాదు. ఇది ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదు, వాళ్లిద్దరి మధ్యా అలా కుదిరిపోయింది.

పార్టీలు కూడా మొదటినుంచీ వేరే. ఆ సంగతి నేను ఒప్పుకోవాలి, ఫోన్లే చెడగొట్టాయని చెప్పి చేతులు దులుపుకోను. ఎన్నికలొస్తే ఆ అరుగుమీద ఆకురాళ్ల గీరుడు కంటే అరుపులే ఎక్కువ వినిపించేవి.

"ఒరే బావా, మీ వోడు గెలిత్తే నా మీసం తీయించేసుకుంటానెహె!"

"ఉన్నదే నాలుగు యెంట్రుకలు, అది తీత్తే ఎవడికి తెలుత్తాదిరా?"

నూకరాజు వాళ్లవాడే గెలిచాడు. బుల్లియ్య మీసం లేకుండా వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. టీ గ్లాసులు పట్టుకొచ్చిన సత్యవేణి అన్నగారి మొహం చూసి, గ్లాసులు కింద పెట్టేసి కడుపు పట్టుకుని నవ్వింది. "ఏమే, నవ్వుతావేంటే? పుట్టింటోణ్ణి కదంటే!" అని బుల్లియ్య అరిచాడు. ఆవిడ ఇంకా నవ్వింది. మర్నాడు తెల్లారి ఇద్దరూ నన్ను భుజాన వేసుకుని పనికి వెళ్లారు. చెట్టు కోసేటప్పుడు తిట్టుకోవడానికి ఊపిరి చాలదు. ఎదటివాడి మొహం చూస్తూ, వాడి ఊపిరికి తన ఊపిరి కలపాలి. ఆ పూటకి ఎవడి పార్టీ వాడిది, చెట్టు మాత్రం ఇద్దరిదీ.

తరవాత పెద్ద తుపాను వచ్చింది. ఊరంతా చెట్లు పడ్డాయి. ఎరువుల కొట్టు భద్రంగారు ఫోనులో ఒక గ్రూపు పెట్టారు, 'మన ఊరు మన మాట' అని. ఫలానావాళ్ల పాకమీద కొబ్బరిచెట్టు పడిందని అందులో ఎవరో చెప్పడం, మేం పరిగెత్తడం. బావలిద్దరికీ చదవడం అంతగా రాదు. భద్రంగారు ఫోను నొక్కి మాట పంపించడం నేర్పారు. ఆ వారం ఫోను పలికితే ఎవరో బతికే అవకాశం ఉందని అర్థం. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నా తుప్పు చూసుకుని నాకే సిగ్గేస్తుంది.

చెట్లు అయిపోయాయి. గ్రూపు మిగిలిపోయింది. పనిలేని గ్రూపులోకి ఎన్నికలొచ్చాయి.

మొదట బొమ్మలొచ్చాయి, తరవాత తిట్లొచ్చాయి. భద్రంగారు పరువుగల మనిషి. ఆయన ఒక నియమం పెట్టారు. గ్రూపులో ఎవరినీ ఒరే అనకూడదు, పేరు పక్కన 'గారు' తప్పనిసరి, తప్పినవాళ్లని తీసేస్తాం. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. మర్యాద వచ్చిందన్నారు. అది ఎలాంటి మర్యాదో నేను చూశాను.

ఒకరోజు ఒక పెరట్లో పనసచెట్టు కోస్తూ మధ్యాహ్నం అన్నాలకి ఆగారు. బుల్లియ్య ఈ గోడపక్కన, నూకరాజు ఆ గోడపక్కన కూర్చున్నారు. మధ్యలో నేను, చెట్టులో సగం దిగి. బుల్లియ్య ఫోనుని జంతికలా నోటి ముందు అడ్డంగా పట్టుకున్నాడు.

"నూకరాజుగారూ, తవరు జెండా మోత్తన్న పార్టీ ఊరి చెరువులో మట్టి కూడా మింగేసిందండి. అందులో తవరి వాటా ఏపాటిదో సెలవిత్తారాండి?"

ఆ మాట ఒకసారి వాడి నోట్లోంచి వినిపించింది. ఇంకొక్క క్షణానికి అవతల గోడపక్కన నూకరాజు ఫోన్లోంచి మళ్లీ వినిపించింది. నూకరాజు ఎదురుగా ఉన్న మనిషి వైపు చూడలేదు. ఫోను చెవికి ఆనించుకుని మొత్తం విని, తనూ నొక్కాడు.

"బుల్లియ్యగారూ, తవరి నాయకుడు కారు తుడిసే గుడ్డనైనా ఉతికి ఆరేసుకుంటారండి. తవర్ని అదీ సెయ్యరండి."

చేతులు కడుక్కుని వచ్చి ఇద్దరూ నా పిడులు పట్టుకున్నారు. లాగారు. చేతులు ఇంకా పాత చేతులే కనక నేను కదిలాను. ఇరవై ఏళ్లకి పైగా 'ఒరే' అనుకున్నప్పుడు ఆ పిడులకి చెమట ఉండేది గానీ విషం ఉండేది కాదు. 'గారు' అన్నాక పిడులు పట్టుకున్న తీరే మారిపోయింది.

ఒక ఆదివారం నూకరాజు అరుగుమీద తన పళ్లకి పదును పెడుతున్నాడు. బుల్లియ్య ఇంకా రాలేదు. సత్యవేణి గుమ్మంలో కూర్చుని బియ్యం కడుగుతోంది. అంతకుముందు గ్రూపులో ఊరి బడి గురించి నూకరాజు ఏదో అన్నాడు. దానికి జవాబు వచ్చింది. నూకరాజు నొక్కితే బుల్లియ్య గొంతు బయటకి పెద్దగా వినిపించింది.

"నూకరాజుగారూ, ఊళ్లో పిల్లల బవిస్యత్తు గురించి తవరు మాటాడకండి. పిల్లాజెల్లా లేనోరికి రేపనేది ఏవుంటదండీ?"

సత్యవేణి చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. ఆ మాట బావ మీద విసిరాననుకున్నాడు వాడు. పిల్లల కోసం గుళ్లూ ఆసుపత్రులూ తిరిగిన ఆ చెల్లెల్ని, చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్లిన రోజులున్నాయి. అవన్నీ ఫోను నొక్కినంతసేపట్లో మర్చిపోయాడు. కింద భద్రంగారు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. మాటలో 'గారు' ఉంది, 'తవరు' ఉంది, నియమం ఎక్కడా తప్పలేదు.

నూకరాజు ఆకురాయి కింద పెట్టేశాడు. పన్ను సగం పదునయ్యింది, సగం అవలేదు. ఆ ఆకురాయిని మళ్లీ ముట్టుకోలేదు.

కాసేపటికి బుల్లియ్య వచ్చాడు. ఆ మాటని ఫోన్లోంచి చెరిపేశానని గొణిగాడు. సత్యవేణి బియ్యం గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అరుగు చివర కూర్చుని తన పళ్లు తను నూరుకున్నాడు. లోపలినుంచి టీ రాలేదు. టీ రాకపోయేకొద్దీ ఇంకా గట్టిగా నూరాడు. ఆ తరవాత ఆదివారాలూ అంతే. నా ఎడమ పళ్లు మెరిశాయి. కుడి పళ్లు మొద్దుబారాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. 'బావా, నీ వరస నూరరా' అని ఒకడు అనలేదు. 'నూరను' అని రెండోవాడూ అనలేదు. పార్టీల గురించి ఊరందరికీ వినపడేలా మాట్లాడగలిగిన ఇద్దరు మగాళ్లకి, నా పళ్ల గురించి ఒక్క మాట రాలేదు.

గోదావరి మధ్య లంకలో ఒక పెద్ద మామిడిచెట్టు. తుపానుకి వేళ్లు కదిలి అప్పటినుంచీ ఎండిపోయింది. దాన్ని తియ్యడానికి వెళ్లాం. ఏటివైపు పడాలని ఆ పక్క గొడ్డలితో గంటు కొట్టారు. వెనకనుంచి నన్ను పెట్టారు. కొంచెం లోపలికి వెళ్లగానే నేను ఎడమకి గుంజుకుపోవడం మొదలైంది. పిడి పట్టినవాడికి అది తెలియకుండా ఉండదు. ఆగి, బయటకి తీసి, పదును సరిచేసుకుని రావాల్సిన పని. ఎవడు ముందు ఆగితే వాడు ఓడినట్టు. ఇద్దరూ లాగారు.

చెట్టు ఏటివైపు పడలేదు. సగంలో మెలి తిరిగి బుల్లియ్య మీదకి ఒరిగింది. వాడు దూకాడు గానీ కాలు దూకలేదు.

క్యారేజీ పట్టుకుని అప్పుడే పడవ దిగి వస్తోంది సత్యవేణి. పిల్లల గురించి ఆ మాట విన్నాక కూడా, అన్నం విషయంలో ఆవిడ పగ పట్టలేదు. రోజూ ఇద్దరికీ పంపేది. క్యారేజీ అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. పడవ అప్పటికే వెనక్కి వెళ్లిపోయింది. లంకలో ఇంకెవరూ లేరు. ఎప్పుడూ గ్రూపులో మాట్లాడని మనిషి, సత్యవేణి, నూకరాజు చేతిలో ఫోను లాక్కుని నొక్కి మాట్లాడింది.

"ఓలమ్మో, ఎవరన్నా పడవేసుకుని రండర్రా! లంకలో మా అన్నియ్య చెట్టుకింద పడిపోయాడు. కాలు నలిగిపోతంది. నలుగురు మగాళ్లు రండర్రా బాబూ!"

అప్పుడు గ్రూపులో రోడ్డు ఎవరి హయాంలో వేశారన్న గొడవ నడుస్తోంది. ఆవిడ మాట మీద ఇంకో మాట, దాని మీద ఇంకోటి పడుతూ పోయాయి. వినకుండానే ఎవరో నమస్కారం బొమ్మ పెట్టారు. ఆవిడ ఫోను చూస్తూ నిలబడింది. 'గారు', 'గారు' అంటూ ఫోను మోగుతూనే ఉంది.

నూకరాజు నన్ను తీసి మాను మీద పెట్టాడు. కాలికి ఇవతల మాను తెగితే బరువు తగ్గుతుంది. కానీ నేను ఒక్కడి రంపాన్ని కాదు. అవతలి పిడి గాల్లో ఊగింది.

"సత్తేణీ, అట్టుకోవే! మీ అన్న పిడి అట్టుకో!"

ఆవిడ కొంగు బిగించి ఆ పొడుగు పిడి పట్టుకుంది. లాగారు. ఆవిడకి నన్ను లాగడం ఎవరూ నేర్పలేదు. అయినా భర్త మొహం చూస్తూ, ఆయన లాగినప్పుడు వదిలేసి, తన వంతుకి లాగింది. ఇన్నేళ్లూ గుమ్మంలోంచి చూసి నేర్చుకుందేమో. తప్పంతా నాదే. నా ఒక వరస పదునుగా, ఒక వరస మొద్దుగా ఉంది. వంకర తిరిగి మానులో ఇరుక్కుపోయాను. పీకితే రాను. నెట్టితే వెళ్లను. బుల్లియ్య కింద పడి నా పళ్ల వైపే చూస్తున్నాడు. నూకరాజూ చూశాడు. అప్పుడు కూడా ఇద్దరూ ఏమీ అనలేదు.

గడ్డి కోసుకుని వెళ్తున్న పడవవాళ్లు తమంతట తామే చూసి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆసుపత్రిలో కాలు తీసేశారు.

ఆ తరవాత గ్రూపు తీరిగ్గా మేలుకుంది. పార్టీ కక్షతో చేశారండి అని ఒక వర్గం, నాటకమండి అని ఇంకో వర్గం. మంచం దగ్గరికి జెండాలవాళ్లు అరటిపళ్లు పట్టుకొచ్చి, మొద్దు రంపంతో రావడమే కుట్ర అని బుల్లియ్యకి నూరిపోశారు. తనూ ఆ మొద్దు రంపాన్ని తెలిసే లాగానని వాడికి తెలుసు. అయినా వినడానికి కుట్ర బాగుంటుంది. ఇంటికి రాగానే కబురు పంపాడు, 'రంపంలో నా సగం నాకు ఇప్పించండి' అని.

నూకరాజు నన్ను వెల్డింగు షాపుకి మోసుకెళ్లాడు.

"కోత్తే రెండు ముక్కలూ పనికిరావు గదా రాజూ" అన్నాడు షాపువాడు.

"తెలుసు. కొయ్యి."

పొడుగు పిడి ఉన్న సగం బుల్లియ్యకి వచ్చింది. అదే నేను. సరిగ్గా నడిమికి కోశారు గానీ పళ్లని పంచలేకపోయారు. ఒకటి ఎడమ, ఒకటి కుడి, ఒకటి వీడిది, ఒకటి వాడిది, నా సగంలో అలాగే ఉన్నాయి. బుల్లియ్య నన్ను మంచం ఎదురుగా మేకుకి తగిలించుకుని, ఫోను పట్టుకుని పడుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే సత్యవేణి వచ్చింది. చేతిలో టీ గ్లాసు, మీద మూత. వీధి ఆ చివరనుంచి ఒలకకుండా తెచ్చింది. గుమ్మంలో నిలబడింది. బుల్లియ్య లేచి కూర్చున్నాడు. వాడి నోరు తెరుచుకుంది. 'ఏమే' అంటాడని నేను మేకు మీద ఊపిరి బిగపట్టాను.

"రండి" అన్నాడు. "కూర్చోండి."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"ఎవర్నన్నియ్యా రండంటన్నావు?"

వాడు గోడ వైపు చూశాడు. చెల్లెలు టీ గ్లాసు మూత తీసి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. టీ మీద మీగడ కట్టేదాకా వాడు దాని వైపే చూశాడు, తాగలేదు. మధ్యాహ్నం పాత సామాన్లవాడి కేక వినిపిస్తే పిలిచి నన్ను ఇచ్చేశాడు.

రేపో మాపో లారీ వస్తుందంటున్నారు. నన్ను కొలిమిలో వేసి కరిగిస్తారట. కరిగించి మేకులు చేస్తారో, గడియలు చేస్తారో, నాకు అనవసరం. ఏం చేసినా సరే, ఇద్దరు పట్టుకోవాల్సిన వస్తువు మాత్రం చెయ్యకండి.