గడియ లేని తలుపు

నేను సినిమా సెట్లకి వడ్రంగిని. అక్కడ అందరూ మూగమేస్త్రి అంటారు. మూగవాణ్ణి కాదు. మాట్లాడను, అంతే.

ఆమధ్య ఒక రాజుల కాలం సినిమాలో అంతఃపురం తలుపులన్నీ నేను చేసినవే. రాజు పెళ్లాన్ని అనుమానించి మూడేళ్లు ఆమె మొహం చూడడు. అదీ కథ. సినిమా వచ్చాక మా ఆవిడ చూస్తానంది. నా పని చూస్తానని ఆమె అడగడం అదే మొదలు.

అప్పటికే బట్టలు సర్దుకుంది. సాయంత్రం ఆరింటి బస్సుకి చెల్లెలి దగ్గరికి పోతానంది. మళ్లీ రానంది. "ముప్ఫై రెండేళ్లు బెల్లం కొట్టిన రాయితో కాపురం చేశా. నోరు తెరిచి ఒక్కసారి ఉండమను, ఉంటా" అని వారం నుంచీ చెబుతోంది. నాకూ ఆమె ఉండాలనే ఉంది. మాట గొంతు దాటలేదు.

బస్టాండు పక్కనే హాలు. మ్యాట్నీకి వెళ్లాం. సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది.

తెర మీద రాణి తలుపు మీద పడి బాదుతోంది. "ఒక్క మాట చెప్పండి ప్రభూ" అని ఏడుస్తోంది. ముందు వరసలో ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. మా ఆవిడ ఏడవలేదు.

"లోపల రాజే ఉన్నాడా?" అంది.

"లేడు. నేనున్నా."

"నువ్వా?"

"సెట్టు తలుపుకి గడియ ఉండదు. వెనక నుంచి భుజం ఆనించి ఆపాలి."

"ఎంతసేపు?"

"పద్నాలుగు టేకులు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా."

"ఆ పిల్ల అంతలా మొత్తుకుంటుంటే నీకేం అనిపించలేదా?"

"కదిలితే షాట్ పోతుంది. వీసమెత్తు కదల్లేదని డైరెక్టరు మెచ్చుకున్నాడు."

ఆ ఏడాది ఆమెతో నేను అంత మాట్లాడింది అప్పుడే. మెచ్చుకుంటుందనుకున్నాను.

"మెచ్చుకోడా మరి? ఇంట్లో రోజూ చేసే పనేగా" అంది.

ఆఖర్న రాజు తలుపు తీశాడు. హాలంతా చప్పట్లు.

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"పక్కకి జరిగా."

"ఎవరు జరగమన్నారు?"

"డైరెక్టరు."

"ఖర్మ. మనింటికో డైరెక్టరు లేకపోయాడు."

వెనక సీటాయన నవ్వాడు. నేను చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కున్నాను.

బస్సు సిద్ధంగా ఉంది. సంచీ నేనే ఎక్కించాను. పైన అరలో పట్టకపోతే అటూ ఇటూ తిప్పి కుదిర్చాను. అక్కడ చేతులకి పని దొరికింది, హాయిగా ఉంది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీ. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా నోటికేసే చూస్తోంది.

"నీళ్లు తెచ్చుకున్నావా?" అన్నాను.

"తెచ్చుకున్నా. ఇంకా?"

ఇంకేం లేదు. ఉంది. అది రాలేదు.

కండక్టరు వచ్చాడు. "పెద్దాయనా, ఊరికి వస్తావా, దిగుతావా? దారికడ్డంగా నిలబడ్డావు."

"దిగుతా" అన్నాను. ఆ మాట మాత్రం ఠక్కున వచ్చింది.

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఎనిమిది నెలలైంది. మరదలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. "బావా, అక్క పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటుంది. పాలమనిషినీ వదలదు, ఎదురింటివాళ్లనీ వదలదు. ఇన్నేళ్లూ ఇన్ని మాటలు ఎక్కడ పెట్టుకుందో!" అంటుంది.

నేను ఊఁ అంటాను.