రేడియోలో చెప్పని మాట

ఇలాయ్ తవకే చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు, పైడమ్మ ఆయన వెనకాల నడుస్తోంది. అది శాసనసభ హాలే, సందేహం లేదు, స్పీకరు కుర్చీ ఉంది, గోడమీద గడియారం ఉంది, కానీ నేలంతా చీలమండలు మునిగే నీళ్ళు, ఆ నీళ్ళలో చెరుకాకు తేలుతోంది, బల్లల మధ్య దారి ఎంత నడిచినా తరగడంలేదు. ఆయన పోయి నాలుగు రోజులైందని ఆమెకి తెలుసు. తెలిసినా అదిప్పుడు పెద్ద సంగతిగా అనిపించడంలేదు, ఊరెళ్ళినాయన తిరిగొచ్చినట్టే ఉంది. కాళ్ళు మాత్రం పీకుతున్నాయి. ఈయన ఎక్కడైనా కూర్చుంటే బాగుండును, తనూ కూర్చోవచ్చు అనుకుంటోంది.

ఇరవై రెండేళ్ళు ఆమె ఆయన వెనకాల ఇలాగే నడిచింది. వైలోవా దీవులకి ఆయన మొదటి ప్రధానమంత్రి, ఆమె ఆయన దుబాసీ. పడవలు చెక్కేవాడి కొడుకు చక్కెర మిల్లులో కాటా గుమస్తా అయ్యాడు, కూలీల సంఘంలో చేరాడు, అక్కణ్ణుంచి శాసనసభకి వెళ్ళాడు, తెల్లవాళ్ళ జెండా దించిన రోజున కొత్త జెండా తాడు లాగింది ఆయన చేతులే. ఆయన దీవి భాషలో మాట్లాడితే, తాతలనాడు విశాఖపట్నం రేవులో ఓడలెక్కి చెరుకు తోటలకి వచ్చిన కూలీల పిల్లలకి ఆమె ఆ మాటల్ని తెలుగులో చెప్పేది. ఆయనకి తెలుగు రాదు. రా, పో, ఆగు, చాలు. కాటా దగ్గర పట్టుబడ్డ ఆ నాలుగు ముక్కలూ సభల్లో అనేసి జనాన్ని నవ్వించేవాడు, అంతే.

"అలిసిపోనావేటమ్మా?" అంటున్నాడాయన వెనక్కి తిరక్కుండా.

తెలుగులో అంటున్నాడు, చెరుకు లైన్లలో, కూలీల ఇళ్ళ వరసల్లో, మాట్లాడుకునే తెలుగులో. పైడమ్మకి వింతగా లేదు.

"అలిసిపోనాను బాబూ. మీరో?"

"నాను పదవిలో ఉన్నప్పుడే అలిసిపోనాను. సచ్చిపోడంలో కొత్తగా ఏటీ నేదు."

హాలు ఎప్పుడు అయిపోయిందో తెలియదు, ఇద్దరూ మిల్లు కాటా దగ్గరున్నారు, ఎండలో చెరుకు బళ్ళు కనుచూపుమేర బారులు తీరి ఉన్నాయి, ఒక్క బండికీ మనిషి లేడు. ఆయన కాటా ఇనప పలకమీద చతికిలబడి కూర్చుంటున్నాడు. అంత బరువైన మనిషి కూర్చున్నా ముల్లు కదలడంలేదు. పైడమ్మ కూడా పక్కన కూర్చుంటోంది, అప్పుడూ కదలడంలేదు.

"ఇక్కడ రెండేళ్ళు సేసినాను," అంటున్నాడు. "ముల్లు ఎంత సూపిత్తే అంత సెప్పీవోణ్ణి. దొర కళ్ళెర్రజేసినా అంతే, మీవోళ్ళు బతిమాలినా అంతే. నువ్వూ అలాగే గదా. నానేటంటే అది సెప్పీదానివి."

పైడమ్మ కదలని ముల్లు వైపు చూస్తోంది.

రెండోసారి ఎన్నికల్లో సొంత దీవివాళ్ళే జారిపోతున్నారని భయపడి, ఆయన రేవు మైదానంలో ఒక మాటన్నాడు. ఈ నేల ముందు మాది, మిగిలినవాళ్ళు ఆ తర్వాత. పైడమ్మ తన జనం ముందే నిలబడి ఆ మాటని అక్షరం పొల్లు పోకుండా తెలుగులోకి తెచ్చింది, అది ఆమె ఉద్యోగం. మూడో రోజున చెరుకు లైన్లు తగలబడ్డాయి. ఆమె అన్న సూరప్పడి ఇల్లు కాలింది, శాలలో కట్టేసి ఉన్న జత ఎడ్లు కట్టేసినట్టే కాలిపోయాయి. నాలుగో రోజున ఆయన రేడియోలో రాజీనామా ఇచ్చాడు. పక్కన ఆమె.

ఇప్పుడు వాళ్ళున్నది ఆ రేడియో గదిలోనే. గోడలకి గోనెపట్టాలు కొట్టి ఉన్నాయి, ఒకే బల్ల, ఒకే మైకు, ఎర్రదీపం వెలుగుతోంది, ఎవరు వింటున్నారో తెలియదుగానీ ఎవరో వింటున్నారు. ఆ రోజు ఆయనన్నది ఆమెకి అక్షరాలా గుర్తుంది. "మీ ఇళ్ళు కాల్చింది నా నోరు. నన్ను మన్నించమని అడుగుతున్నాను." ఆమె దాన్ని తెలుగులో ఇలా చెప్పింది: "ఇళ్ళు కాలిపోయినందుకు విచారిస్తున్నారు. పదవి వదిలేస్తున్నారు."

"రేవుకాడ నానన్న మాట మోసుకొచ్చినావు," అంటున్నాడాయన మెల్లగా. "ఈ మాట కాడికొచ్చీసరికి దించీసినావు."

"మీకెలాగ తెలిసింది?"

"పక్కనే కూసున్నాను గదా."

"మీకు తెలుగు రాదు గదా!"

"రాదని నానెప్పుడన్నాను? నాకు రాదనుకుని మీవోళ్ళు నా ముందరే నన్ను కడుపునిండా తిట్టీవోరు. నాయకుడన్నోడు అయ్యన్నీ ఇనాల."

నవ్వాలో ఏడవాలో తెలియక పైడమ్మ ఎర్రదీపం వైపు చూస్తోంది. తర్వాత, ముప్పై ఒక్క యేళ్ళు లోపల దాచుకున్నది ఒక్కసారిగా తన్నుకొస్తోంది. "మా అన్న గుమ్మంలో బూడిద ఇంకా సల్లారనేదు. మన్నించమని మావోళ్ళని అడగడానికి నా నోరు రానేదు. అడిగితే మన్నించీవోరే, ఎర్రి జనం! అది నాకిష్టం నేకపోయింది. సరే, నాను సెప్పనేదు. మరి మీకు తెలుసు గదా, మైకు మీ ముందరే ఉంది గదా, ఆ రెండు ముక్కలూ మీరే ఎందుకు అననేదు?"

ఆయన చెప్పులు ఒళ్ళో పెట్టుకుని వాటి తడి తుడుస్తున్నాడు.

"నువ్వు సెప్పకపోతే నాకు ఊపిరాడింది," అంటున్నాడు చివరికి. "అడిగినట్టూ అయింది, అడగనట్టూ అయింది. మావోళ్ళు మా బాసలో ఇన్నారు, అదే సాలనుకున్నాను. మీవోళ్ళ మొకం సూడక్కర్నేకపోయింది. తప్పు నీ మీద పెట్టీసి ఇంటికెలిపోనాను. ఇన్నేళ్ళూ ఆ మూట నీ ఒక్కదానిదే అనుకున్నావు గదూ?"

ఆమె తలూపుతోంది.

"ఆ ఎడ్ల పేర్లేటమ్మా?"

"సింవాచలం ఒకటి. గంగన్న ఒకటి."

ఆయన ఆ రెండు పేర్లూ తనలో తాను అనుకుంటున్నాడు, కాటా దగ్గర బళ్ళ పేర్లు రాసుకునే గుమస్తాలాగే, ఒకటికి రెండుసార్లు. గోనెపట్టాల సందుల్లోంచి నీళ్ళొస్తున్నాయి, బల్ల తేలుతోంది, ఆయన వంగి ఆమె భుజమ్మీద చెయ్యేస్తున్నాడు.

"లెగు, లెగు. తెల్లారిపోనాది."

పైడమ్మ కళ్ళు తెరిచింది. భుజమ్మీద చెయ్యి అలాగే ఉంది. అది ఆయన భార్య మేరెవాది.

"లెగు, లెగు. తెల్లారిపోనాది," అంది మేరెవా మళ్ళీ తెలుగులో, పలుకు వంకరగా. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్తోంది. చాప మీద కూర్చున్న పైడమ్మ గోడకి ఆనుకునే నిద్రపోయింది. పందిట్లో వేలమంది కూడి ఉన్నారు, మరో గంటలో ఆయన్ని మట్టిలో పెడతారు.

"ఎవరు నేర్పారు మీకిది?" అని దీవి భాషలో అడిగింది పైడమ్మ.

"ఆయనే. పెళ్ళైన నాటినుంచి రోజూ నన్నలాగే లేపేవారు," అంది మేరెవా అదే భాషలో. "దాని అర్థమేమిటో నాకు తెలియదు. లేవమనే కదూ? పద, మీవాళ్ళ తరఫున నువ్వు మాట్లాడాలట, పిలుస్తున్నారు."

పైడమ్మ వెంటనే లేవలేకపోయింది. చెరుకు లైన్లలో మేస్త్రీ కూలీల్ని లేపే కేక అది. యాభై యేళ్ళపాటు ఆ కేకతో పెళ్ళాన్ని లేపినవాడికి, ఆ రోజు మైకు ముందు తను ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో తెలియలేదనుకోవడం ఇక ఆమె వల్ల కాలేదు. మేరెవా చెయ్యి పట్టుకుని లేచింది.

రాసుకున్న కాగితంలో ఆయన వేయించిన రోడ్లున్నాయి, కట్టించిన బడులున్నాయి. మైకు ముందు నిలబడి దాన్ని మడిచేసింది.

"ముప్పై ఒక్క యేళ్ళ కింద ఆయన రేడియోలో మీకొక మాట సెప్పమన్నారు," అంది తన జనంతో. "నాను సెప్పనేదు. ఆయనకి నాను సెప్పనేదని తెలుసు, ఆయనా ఊరుకున్నారు. ఆ మాట ఇది. మీ ఇళ్ళు కాల్చింది నా నోరు. నన్ను మన్నించండి."

చివరి మాట దగ్గర ఆమె గొంతు లోపలికి పోయింది. ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న సూరప్పడు, ఎనభై రెండేళ్ళవాడు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకి వంగాడు.

"గట్టిగా సెప్పవే పైడీ," అన్నాడు. "ఇనబళ్ళేదు."

ఆమె మైకు దగ్గరికి జరిగింది.