స్టోరు గది వాసన

ఆర్కిటెక్టు పొద్దున్నే ఆఫీసు తెరిచి, అట్టముక్కలతో చేసిన నమూనా ఇళ్ళ మీద గుడ్డలు తీసి, ఒక్కొక్కటీ వాసన చూస్తుంది. కట్టాక ఏ గది ఏ వాసన వేస్తుందో ఆవిడ చేసిన నమూనాలో ఆ గది ముందే ఆ వాసన వేస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. ఇల్లు కట్టించుకునేవాళ్ళు వచ్చి, ముక్కు పెట్టి చూసుకుని, బాత్‌రూము కాస్త అవతలికి జరపమని చెప్పి పోతుంటారు.

ఆ రోజు పళ్ళ డాక్టరు ఇంటి నమూనా మీద గుడ్డ తియ్యగానే ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

స్థలం సరస్సు ఒడ్డున, పక్షులు గూళ్ళు పెట్టే చోట. అక్కడ అనుమతి ఒక్క ఇంటికే. అదీ ఆ ఇంటికి కావలసిన కరెంటంతా కప్పు మీది సోలారు పలకలే ఇస్తేనే. ఆవిడ దళసరి గోడలు గీసింది, ఎండ వైపు వసారా పెట్టింది, గాలి ఆడేలా తలుపులు ఎదురెదురుగా ఉంచింది. అయినా ఒక్క గదికి కరెంటు చాలలేదు.

"అక్క గదిని స్టోరని రాసెయ్యండి మేడమ్," అన్నాడు డాక్టరు కిందటి వారం. "స్టోరుకి ఫ్యానూ లైటూ లెక్కలోకి రావుగా. తను సర్దుకుపోయే మనిషే. నా వ్యాయామం గది మాత్రం కదపొద్దు."

తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచిన అక్క! ఆర్కిటెక్టు ఆ మాట విని కూడా రాసింది. ఛీ, రాసింది!

స్థలం అక్క పేరునే ఉంది. ప్లాను మీద సంతకం పెట్టించడానికి ఆ రోజే డాక్టరు ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"అబ్బా, ఏంటీ కంపు! ఏదైనా సెంటు కొట్టండి మేడమ్," అన్నాడు ముక్కు మూసుకుని.

అక్క కళ్ళజోడు సర్దుకుని నమూనా మీదికి వంగింది. పడగ్గదుల్లో పౌడరు వాసన. వ్యాయామం గదిలో కొత్త రబ్బరు వాసన. చివరి గది దగ్గర ఆగిపోయింది. ముక్కిపోయిన బట్టలు, కీళ్ళ నొప్పుల మందు, ఉక్కలో మగ్గిన మనిషి చెమట.

"ఇది నేను రాసుకునే మందేరా."

"స్టోరులో మందులు కూడా పెడతాం కదక్కా."

"చెమట కూడా పెడతారా?"

డాక్టరు నమూనా మీద గుడ్డ కప్పబోయాడు. నమూనా అబద్ధం చెప్పదని అతనికీ తెలుసు.

"స్టోరని రాసింది నేనేనండీ," అంది ఆర్కిటెక్టు. తన చేతిని తనే చూసుకోలేకపోయింది.

అక్క కలానికి మూత పెట్టేసింది. "చిన్నప్పుడు నీ వాంతులు ఈ చేతులతో ఎత్తిపోశాన్రా. అప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు."

తర్వాత ఆర్కిటెక్టు వైపు తిరిగింది. "నా ఒక్కదానికే ఇల్లు గీస్తావా అమ్మా? ఒక ఫ్యానూ ఒక లైటూ చాలు."

"అక్కా! అక్కడ ఒక్క ఇంటికే అనుమతి!" డాక్టరు గొంతు పెంచాడు.

"అవున్రా, ఒక్కటే," అంటూ అక్క కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. "ముందు కిటికీ గియ్యమ్మా."