ఎడమ పెట్టె

ముందు నా చెవి గురించి చెప్పాలి. ఐరాలలో ఇరవై ఆరేళ్లుగా పిండి మిషను నడుపుతున్నాను. పిండి మెత్తగా పడిందో లేదో అందరూ వేళ్ల మధ్య నలిపి చూస్తారు. నేను విని చెబుతాను. రాళ్లను బిగించే చక్రం మీద కుడిచెయ్యి వేసి, ఎడమ చెవి మిషను దగ్గరికి వంచానంటే, లోపల రాగి గింజ ఏ పాటికి నలుగుతోందో నాకు తెలిసిపోతుంది. దొరస్వామి చెవి అంటే చుట్టుపక్కల పది ఊళ్లలో పేరు. ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

ఈ మధ్య వరదమ్మ రెండుసార్లు పిండి వెనక్కి తెచ్చింది. సంగటి గరగరలాడుతోందట. నీ రాగులు తడిసుంటాయి పొమ్మని కసిరి పంపాను. నా చెవిని అనుమానించాలని నాకు తోచనే లేదు.

మా ఇంట్లో రెండేళ్లుగా మాట లేదు. నా భార్య పంకజాక్షి మేనత్త కూతురే. చిన్నప్పుడు దాని నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు. అలాంటి మనిషి, గూడూరులో వాళ్లమ్మ పోయిన దగ్గరనుంచి అన్నం పెట్టానని, పాలవాడొచ్చాడని తప్ప మాట్లాడడం మానేసింది. నాకూ లోపల కోపం లేకపోలేదు. మా అత్త రాఘవమ్మ వారం రోజులు మంచంలో ఉండి పోయింది. ఆ వారంలో ఈమె ఒక్క మాట నా చెవిన వెయ్యలేదు. చావు కబురు వచ్చాకే నాకు తెలిసింది. నిమ్మకాయల వ్యాపారం చేసే బామ్మర్ది రఘునాథ్‌తో ఒక పెళ్లి పంక్తిలో మాటామాటా పెరిగి, వాడి గడప తొక్కనని నేను ఒట్టు పెట్టుకున్న సంగతి నిజమే. అత్త ఉండేది వాడింట్లోనే. ఆ ఒట్టుకు భయపడి దాచిందనుకున్నాను. అత్త అంటే మా నాయన తోడబుట్టింది, చెబితే పోకుండా ఉంటానా అని ఎన్నిసార్లు కుమిలిపోయానో నాకే తెలుసు. కానీ అడగలేదు. అడిగితే నేను తగ్గినట్టవుతుందని మొండికేశాను.

మాట ఎటూ లేదు, పాటైనా ఉండనీ అనుకున్నాను. పంకజకు పాత పాటలంటే ప్రాణం. వంట చేస్తూ ఫోను గూట్లో పెట్టుకుని వింటుంది. ఆ ఫోనులోంచి పాట వస్తుంటే డబ్బాలో ఈగ మోగినట్టుంటుంది. దానికి మంచి పాట వినిపిస్తే మళ్లీ మామూలు మనిషవుతుందని నా ఆశ. తిరుపతిలో ఒక పెద్ద షాపుకు పోయి మ్యూజిక్ సిస్టం ధర అడిగాను. వాడు చెప్పిన ధరకు మా మిషనుకు కొత్త మోటారు వస్తుంది. నోరు మూసుకుని బస్సెక్కాను.

చిత్తూరులో టీవీలు బాగుచేసే భానుచందర్ నాకు పాత స్నేహితుడు. షాపువాడి ధరలో పదో వంతుకే మనమే కట్టుకోవచ్చన్నాడు. ఫోనుకు కలిసే చిన్న ఆంప్లిఫయరు బోర్డు ఒకటి, పాత ల్యాప్‌టాప్ చార్జరు ఒకటి, తుక్కుకు పోయిన వ్యానులోంచి ఊడదీసిన జత స్పీకర్లు తెచ్చాడు. పెట్టెలు నేనే చేశాను. మిషనులో గింజలు పోసే పాత తొట్టి పలకలు గట్టివి. వాటిని కోసి, సందుల్లో మైదా ఉడికించిన జిగురు పూసి, మేకులు కొట్టాను. లోపల దూది కూరితే శబ్దం డొల్లగా రాదని భానుచందర్ చెప్తే, అటక మీద పాత బూరుగుదూది దిండు ఉంటే దించి విప్పాను. పంకజ వచ్చి పక్కన కాసేపు నిలబడి లోపలికి పోయింది. ఏమీ అనలేదు కదా, ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

పెట్టెలు రెండూ హాల్లో గోడకు అటొకటి ఇటొకటి పెట్టి, మధ్యలో కుర్చీ వేసుకుని పాట పెట్టాను. కుడి పెట్టె కంచు గంటలా మోగింది. ఎడమ పెట్టె మూలుగుతోంది.

భానుచందర్‌కు ఫోను చేసి దులిపేశాను. వాడు వచ్చి వైర్లు మార్చి పోయాడు. ఎడమది మళ్లీ అలాగే ఉంది. ఇంకోసారి పిలిపించి, తుక్కు సరుకు అంటగట్టావని తిట్టాను. వాడు స్పీకరు విప్పి చూసి, బాగుందని చెప్పి పోయాడు. నాకు ఒళ్లు మండి, పెట్టెలనే అటుదిటు మార్చాను. ఏ పెట్టె పెట్టినా ఎడమ పక్కది మోగదు. ఇది గోడ దోషమా, ఇంటి వాస్తు దోషమా అని కూడా అనుకున్నాను. నా చెవికి వంక పెట్టుకోను కదా.

ఆదివారం మధ్యాహ్నం భానుచందర్ మూడోసారి వచ్చాడు. ఈసారి నన్ను లేపి పంకజను కుర్చీలో కూర్చోమన్నాడు. ఏ పక్క తక్కువగా ఉందక్కా అని అడిగాడు. రెండూ సమానంగానే ఉన్నాయంది. నాకు నవ్వొచ్చింది, మిషను చెవి నాదా దానిదా అని. భానుచందర్ నవ్వలేదు. నన్ను మళ్లీ కూర్చోబెట్టి, ఈసారి కుర్చీని వెనక్కి తిప్పాడు. ఇప్పుడు పెట్టెలు నా వీపు వెనక ఉన్నాయి.

"ఇప్పుడు యా పక్క తక్కువుండాదన్నా?"

చెయ్యెత్తి చూపించాను. చూపించాక చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇందాక కంచు గంటలా మోగిన పెట్టెనే చూపిస్తున్నాను. మూలిగిన పెట్టె ఇప్పుడు గణగణలాడుతోంది. ఎవరూ దేన్నీ కదిలించలేదు. తిరిగింది నేనొక్కణ్ణే.

భానుచందర్ నా కుడి చెవి రంధ్రంలో వేలు పెట్టి గట్టిగా మూశాడు. పాట పోయింది. వాడి పెదాలు కదులుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, బయట రోడ్డు మీద బస్సు పోతోంది. ఎక్కడో అడుగున సన్నటి రొద తప్ప నాకేమీ వినబడలేదు. వేలు తియ్యగానే అంతా ఒక్కసారి మీద పడింది. పది ఊళ్లు నమ్మిన చెవి, ఎప్పుడు పోయిందో నాకే తెలియకుండా పోయింది.

మిషను మోతకు పోయుంటుందని, తిరుపతిలో చెవి డాక్టరుకు చూపించమని భానుచందర్ మెల్లగా చెప్పాడు. వాణ్ణి అన్ని మాటలన్నందుకు నేను క్షమాపణ కూడా చెప్పలేకపోయాను. వాడు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాడు. పాట మోగుతూనే ఉంది.

పంకజ వచ్చి నా పక్కన నిలబడింది. ఎప్పటిలాగే ఎడమ పక్కన. పెళ్లిపీటల మీద పురోహితుడు అక్కడ కూర్చోబెట్టాడు. మొగుడికి ఎడం పక్కనే ఉండాలని మా అత్త దానికి బుద్ధి చెప్పి పంపింది. గుళ్లో, సినిమాలో, మిషను ముందు బల్ల మీద, ఇన్నేళ్లూ అది ఆ పక్క తప్పలేదు. తల తిప్పి చూస్తే దాని పెదాలు కదులుతున్నాయి. నేను చూడకపోతే అది మాట్లాడుతున్నట్టే నాకు తెలిసేది కాదు. పాట ఆపి, దాని చెయ్యి పట్టుకుని కుడి పక్కకు లాక్కున్నాను.

"దిండు ఇప్పొద్దని చెప్పినాను బావా," అంది. "అమ్మ కుట్టిచ్చింది. రెండుసార్లు చెప్పినాను. నువ్వు ఇప్పతానే ఉండావు."

నాకు వినబళ్లేదన్నాను. అది నా ఎడమ చెవి వైపు చూసి, నా ముఖంలోకి చూసింది. దాని ముఖంలో రంగు పోవడం నాకు తెలుస్తోంది. నాకంటే ముందు దానికే అర్థమైంది.

"అమ్మ మంచాన పడిన వారం మిషను కాడికి వచ్చి అడిగినాను," అంది. "బల్ల మీద నీ పక్కన కూసోని. సోమవారం అడిగినాను. బుధవారం మళ్లా అడిగినాను. నువ్వు చక్రం తిప్పుకుంటా నా తిక్కు సూడను గూడా సూళ్లేదు. వద్దంటే కొట్లాడి పోయిందును. పలకనే పలక్కపోతే ఒట్టు తియ్యవని అనుకున్నాను. ఇంగ అడగబుద్ది కాలా."

ఆ బల్ల నాకు గుర్తుంది. ఆ వారం రాగుల గిరాకీ, మిషను ఆపింది లేదు. పక్కన వచ్చి కూర్చుందని కూడా గుర్తుంది. ఇంత దగ్గర కూర్చుని ఒక్క మాటైనా మాట్లాడదేమని విసుక్కున్నది కూడా గుర్తుంది. అది అడుగుతూ ఉంది, నేను విసుక్కుంటూ ఉన్నాను. గూడూరులో మా అత్త వాకిలి వైపు చూస్తూ ఉంది. మంచంలో ఉన్నన్నాళ్లూ అల్లుడు రాలేదా అని అడిగిందట. రఘునాథ్ భార్య చెప్పగా విన్నానని పంకజ ఇప్పుడు చెప్పింది.

రెండేళ్లు ఒకరి మీద ఒకరం కక్ష పెట్టుకుని ఒకే కుండలో కూడు తిన్నాం. ఏమడిగావో ఆ మాటే మళ్లీ అడగమన్నాను. ఎందుకని అది తల అడ్డంగా ఊపింది. బతిమాలాను. జీవితంలో దాన్ని నేను బతిమాలింది అదే మొదలు.

పంకజ నా కుడి చెవి దగ్గరికి వంగింది.

"అమ్మకు బాగలేదంట బావా. రేపు గూడూరికి పోదామా?"

"పోదాం," అన్నాను. "రేపెందుకు, ఇప్పుడే పోదాం."

రాఘవమ్మత్త పోయి అప్పటికి రెండేళ్ల నాలుగు నెలలు.