చలవ పెట్రోలు

నేను ఒక పెట్రోలు ట్యాంకు మూతను. నల్లటి ప్లాస్టిక్కు, లోపల మరచుట్లు, మెడకు రబ్బరు వలయం, ఎక్కడా పడిపోకుండా ఒక పట్టీ. ఇంతే నా ఒళ్లు. నన్ను తిప్పేటప్పుడు మనుషులు నా వైపు చూడరు. అంకెలు తిరిగే మిషను వైపు చూస్తారు. అందుకే వాళ్ల ముఖాలు నాకు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. చేతిలోంచి డబ్బు జారిపోతుంటే ఏ ముఖమూ అబద్ధమాడలేదు. చూసినకొద్దీ నాకు రోత పుట్టింది.

కరిగించి, అచ్చులో పోసి, చల్లార్చి, ఒక కారుకు బిగించారు నన్ను. కారు చూడ్డానికి మామూలుదే. ఇంజను మామూలుది కాదు, గట్టిగా నొక్కి పనిచేసే రకం. అందుకని నా మీద మూసే రేకు తలుపుకు లోపలివైపు కంపెనీవాళ్లు ఒక చీటీ అతికించారు. తొంభై అయిదు ఆక్టేన్, ఆపైన మాత్రమే.

ఆక్టేన్ అంటే బలం కాదు. వేగం కాదు. ఓపిక. ఇంజను లోపల గాలినీ పెట్రోలునూ కలిపి నొక్కుతారు. రవ్వ పడేదాకా అది ఆగాలి. ఓపిక లేని పెట్రోలు ఆగదు. ఆ నొక్కుడుకే తనంత తాను పేలుతుంది. ఆ పేలుడు పిస్టను నెత్తిన సుత్తిదెబ్బ. బయటికి టకటకమని వినిపిస్తుంది. అంకె పెద్దదైతే ఓపిక ఎక్కువ. గట్టిగా నొక్కే ఇంజనుకు ఆ ఓపిక కావాలి. మెత్తటి ఇంజనుకు సాదా పెట్రోలు చాలు, ఖరీదైనది పోసినా దానికి తెలియను కూడా తెలియదు. తయారుచేసినవాడు ఏది రాశాడో చదివి అది పోయించడమే మనిషి చేయవలసిన పని. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. కళ్లుంటే చాలు.

మొదటి యజమాని విశాఖపట్నంలో పళ్ల డాక్టరు. ఆయన చీటీ చదవలేదు. ధర ఎక్కువైతే మంచిదని నమ్మే మనిషి కనుక ఎప్పుడూ ప్రీమియమే, అంటే ఆ పెద్ద అంకె పెట్రోలే పోయించాడు. భార్య స్కూటరుకూ అదే పోయించేవాడు. ఆయన మూర్ఖత్వం వల్ల మా ఇంజను ఆరోగ్యంగా ఉంది, స్కూటరుకు ఒరిగింది లేదు. కొత్త కారు మీద మోజు పుట్టి మమ్మల్ని అమ్మేశాడు.

కొన్నది నర్సీపట్నం నూకరాజు. సుగంధి షర్బత్ వ్యాపారి. చింతపల్లి కొండల్లోంచి సుగంధి వేర్లు బస్తాల్లో తెచ్చి, మరిగించి, చక్కెర పాకం కలిపి సీసాలకెత్తి అమ్ముతాడు. ఒంటికి చలవ చేసే సరుకు. ఆ అమ్మకంలోంచే ఆయన వేదాంతమంతా పుట్టింది. లోకంలో ఉన్నవి రెండే, వేడి చేసేవి, చలవ చేసేవి. గుడ్డు వేడి. బొప్పాయి వేడి. ఇంగ్లీషు మందు మహా వేడి. సబ్జా గింజలు చలవ. మజ్జిగ చలవ. ఆయన లెక్కలో ఖరీదైనవన్నీ వేడి, చవకైనవన్నీ చలవ. అది నేను గమనించాను. ఆయన గమనించలేదు.

బంకులో మొదటి రోజే తేలిపోయింది. పెట్రోలు కొట్టే పైడితల్లి నన్ను విప్పి అడిగింది.

"ఏది కొట్టమంటారు బాబూ? సాదాదా, ప్రీమియమా?"

"ప్రీమియం వేడమ్మా. ఇంజను మాడిపోద్ది. సాదాదే కొట్టు. అది చలవ."

పైడితల్లి ఇంతవరకూ ఎన్నో మాటలు విన్నది గాని ఈ మాట వినలేదు. పెట్రోలు కొట్టే పైపు తుపాకీ చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది.

పక్క సీట్లోంచి ఆయన భార్య వరహాలమ్మ దిగి వచ్చింది. ఏడో తరగతి చదివింది. కనిపించిన అక్షరాన్ని చదవకుండా వదలని మనిషి. రేకు తలుపు మీదికి వంగి చూసింది.

"ఏవండీ, ఇక్కడేదో రాసుందండీ. తొంభై అయిదంట."

"అది కంపెనీవోడి యాపారమే. మన సీసా మీద రోజుకి రెండు గ్లాసులు తాగండని నాను రాయలేదేటి? ఆడూ అంతే."

"అయితే బాబూ, మీ సరుకు మేం తాగక్కర్లేదంటారు!" అంది పైడితల్లి.

"నువ్వు తాగాలి. నోరు సూత్తేనే తెలుస్తంది ఎంత వేడో."

అందరూ నవ్వారు. వరహాలమ్మ కూడా నవ్వింది. ట్యాంకులోకి సాదా పెట్రోలు దిగింది.

మా ఇంజను మొదట మర్యాదగానే చెప్పింది. చదును నేల మీద సర్దుకుంది. వేర్ల బస్తాలతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రం టకటకమనేది. మూసేశాక నాకు చీకటే గాని, చెవులకు చీకటి ఉండదు కదా. ఇంజను మోతా వినేదాన్ని, లోపలి మాటలూ వినేదాన్ని.

"ఏదో కొట్టుకుంటోందండీ."

"కొండ కదే. ఎండ కదే. వేడి." రేడియో గొంతు పెంచేవాడు. మోత వినిపించకపోతే మోత లేనట్టే ఆయనకు.

ఆ కొండల మీదే ఒకరోజు వరహాలమ్మ మరో మాట చెప్పింది. "గుండె మీద ఎవరో కూకున్నట్టుందండీ. ఎడం చెయ్యి లాగుతంది."

"నిన్న చేపల పులుసు తిన్నావు కదా. వేడి. ఇంటికెళ్లి సబ్జా నీళ్లు తాగు."

ఆవిడ తాగింది. ఎన్ని గ్లాసులు తాగిందో. ఊళ్లో డాక్టరు చూసి, విశాఖ తీసుకెళ్లి గుండె చూపించండి, ఆలస్యం చేయొద్దు అన్నాడు. ఆ సంగతి నాకు బంకులో తెలిసింది. పెట్రోలు పడుతున్నంతసేపూ ఆవిడ అదే అడిగేది. ఎప్పుడెళ్దామండీ. ఆయన జవాబూ ఒకటే. సీజను ఎల్లిపోనీ. వేసవి షర్బతుకు సీజను. వేసవిలో ఆవిడకు ఆయాసం ఎక్కువ. వేసవిలో మా ఇంజనుకూ మోత ఎక్కువ. వేసవి అందరికీ ఒకటే, లాభం మాత్రం ఆయనకు.

ఇంత చేసినా ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు. పేకాడడు. భార్య మీద చెయ్యెత్తడు. ఊళ్లో మంచివాడని పేరు. వినడు, అంతే. వినకపోవడాన్ని ఏ ఊళ్లోనూ తప్పుల్లో జమకట్టరు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం బంకుకు వచ్చాం. నన్ను విప్పగానే వెనక అద్దంలోంచి ఆవిడ కనిపించింది. ముఖం బూడిద రంగు. జాకెట్టు చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పైడితల్లి తుపాకీ వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"పిన్నీ, ఏటిలా అయిపోనావు? బాబూ, అంబులెన్సుకి ఫోను సెయ్యనా?"

"సొంత బండుండగా అంబులెన్సెందుకు? గంటన్నరలో విశాఖలో ఉంటాం. బేగి కొట్టు. సాదాదే."

వరహాలమ్మ కళ్లు తెరిచింది. "ఈ ఒక్కసారి ఆ మంచిది కొట్టించండి. బండి దార్లో ఆగిపోతాదేమో."

"ఈ ఎండలో వేడి పెట్రోలా? నీకేటి తెలుసే! ఊరుకో."

ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది.

నిజం చెప్పాలంటే ఆ ఒక్క రోజు ప్రీమియం పోయించినా పెద్దగా ఒరిగేది లేదు. అప్పటికే పిస్టను నెత్తి చిట్లింది. ఎన్నో రోజుల దెబ్బలు అవి. కాని ఆవిడ అడిగిన ఆఖరి కోరిక అది. దానికీ ఆయన వేడి అనే పేరు పెట్టాడు.

తాళ్లపాలెం ఇంకా రాకముందే ఇంజను ఒక్కసారి గట్టిగా మొత్తుకుని, పొగ వదిలి, ఆగిపోయింది. ఆ కుదుపుకు నా మీది రేకు తలుపు తెరుచుకుంది, మళ్లీ దాన్ని ఎవరూ మూయలేదు. ఆయన దిగి బానెట్టు ఎత్తి సీసాలో నీళ్లు చల్లాడు.

"పది నిమిషాలుండు. సల్లారిపోతాది."

తలుపు తీసిన చప్పుడు వినిపించింది. వరహాలమ్మ దిగింది. నా పక్కనే రేకు మీద చెయ్యి ఆనించి నిలబడింది. వచ్చే షేర్ ఆటోకు ఆవిడే చెయ్యెత్తింది. అందులో చేపలమ్మి తిరిగి వెళ్తున్న ఆడవాళ్లున్నారు.

"ఎక్కమ్మా, ఎక్కు. ఒలే, జరగండే! మడిసి ఎలాగుందో సూడండి. బాబూ, నువ్వు రావా?"

నూకరాజు ఆటో వైపు చూశాడు. కారు వైపు చూశాడు.

"బండినిక్కడ వదిలేస్తే ఎవడో టైర్లు ఊడదీసుకుపోతాడు. మీరు పదండి. నాను మెకానిక్కుని పిలిచి ఎనకాలే వచ్చెత్తాను."

ఆటో వెళ్లిపోయింది. ఆయన నా పక్కన రేకుకు వీపు ఆనించి కూర్చున్నాడు. చచ్చిపోయిన ఇంజనుకు కాపలా. ఒక్క టైరు కోసమైనా దొంగ రాలేదు.

ఫోను మోగింది. అవతలి గొంతు పెద్దది, నాకూ వినిపించింది.

"బాబూ, అనకాపల్లి ఆసుపత్రి గుమ్మంకాడున్నాం. లోనికి తీసుకెళ్లేలోపే పోయింది బాబూ. నా ఒళ్లోనే పోయింది."

ఆయన లేచి నిలబడ్డాడు. తర్వాత అన్నాడు. "బండి ఆగిపోయిందమ్మా. లేకపోతే నానే తెద్దును కదా."

"మేం ఉన్నాం లెండి," అంది అవతలి మనిషి.

ఆవిడ ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. ఆ మాట అనవలసింది ఆవిడ కాదని మాత్రం తెలుసు.

షెడ్డులో మెకానిక్కు ఇంజను విప్పి, బద్దలైన పిస్టను బల్ల మీద పెట్టాడు. నూకరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వేడికే ఇలా అయిందంటావా?"

మెకానిక్కు ఆయన గుండు చూశాడు. కర్మ చేసి వచ్చిన గుండు. "అవునండి. వేడికే," అన్నాడు.

భార్య పోయినవాడితో ఎవరూ వాదించరు. ఆ మర్యాద చాటున మూర్ఖులు నిక్షేపంగా ముసలివాళ్లవుతారు. బండి మోసం చేసిందని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఊరు నమ్మింది. నా పక్కనున్న చీటీని ఆ రోజుకీ ఇంకెవరూ చదవలేదు. చదివిన ఒక్క మనిషీ పోయింది.

బాగుచేయిస్తే బండి ధరను మించుతుందని మమ్మల్ని పాతసామాను కొట్టుకు తోలారు. ఇప్పుడు నేనున్నది ఇక్కడే, డోకు వచ్చే పాత నూనె వాసనలో. రేకు తలుపు పీకేశారు కనుక పగలంతా వెలుతురు. చూడవలసింది మాత్రం ఏమీ లేదు.

నిన్న నూకరాజు వచ్చాడు. సీటు కవర్లు కొత్తవి, అవి తీసుకుపోదామని. కొట్టువాడు సీటు ఎత్తితే కింద ఒక జత ఆడవాళ్ల చెప్పులు దొరికాయి. ఆవిడ ఆటో ఎక్కింది ఉత్త కాళ్లతోనని అప్పుడు తెలిసింది నాకు. ఆ ఎండలో, ఆ తారు మీద.

ఆయన చెప్పులు చేతిలోకి తీసుకుని, అక్కడే టైరు మీద కూలబడి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. కొట్టువాడికి జాలేసి టీ తెప్పించాడు. పనివాళ్లు సుత్తులు ఆపి తలలు వంచుకున్నారు. నాకు జాలి వేయలేదు.

ఆయన టీ అడుగుదాకా తాగాడు. ముఖం తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"ఇక్కడ డీజిలు బండేదైనా ఉంటే సెప్పు బాబూ," అన్నాడు. "డీజిలు సలవంటారు కదా."

కొట్టువాడు వెనక వరస చూపించాడు. చంకలో చెప్పులు పెట్టుకుని, ఆయన ఒక్కొక్క బానెట్టూ అరచేత్తో తట్టి చూసుకుంటూ వెళ్లాడు.