మూత మీద రాసిన పేరు

క్రిములు పెంచే గాజు ప్లేటు మూత మీద పేరు రాయొద్దని మా చెల్లెలికి వందసార్లు చెప్పాను. మూతలు తారుమారవుతాయి, అడుగున రాయమని. "సరేలే అక్కా" అనేది, మళ్లీ మూత మీదే రాసేది.

ఇద్దరం ఒకే పాల కంపెనీ ల్యాబులో తాత్కాలిక ఉద్యోగులం. ఆ ఏడు పర్మనెంటు పోస్టు ఒక్కటే. దానికోసం తొమ్మిదేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాను. నిన్నగాక మొన్న వచ్చిన చెల్లెలు పులిసిన పాలలోంచి ఒక బాక్టీరియాను పట్టుకుంది. అది వదిలే ప్రొటీన్ అన్ని క్రిములనూ చంపదు, దగ్గరి చుట్టాలనే చంపుతుంది. ఒకే తిండికి ఎగబడేది చుట్టాలే కదా. మా పాలను పాడుచేసే క్రిమి ఆ చుట్టాల్లో ఒకటి.

పోస్టు ఎవరికివ్వాలో తేల్చే మేనేజరు చూడటానికి వచ్చే రోజు రెండు ప్లేట్లు సిద్ధమయ్యాయి. రెండింటి నిండా ఆ చుట్టం క్రిమే. ఒకదానిలో ప్రొటీన్ చుక్క, రెండోదానిలో ఉత్త ఉప్పునీటి చుక్క.

"మూతలకి చెమ్మ పట్టింది, కాస్త తుడిచిపెట్టక్కా" అని చెల్లెలు ఆయనకు ఎదురెళ్లింది.

తుడిచి పెట్టాక చూస్తే, క్రిములు చచ్చి నాణెమంత ఖాళీ పడిన ప్లేటు మీద 'ఉప్పునీరు' అన్న మూత ఉంది. పొరపాటే, ఒట్టు. సరిచేయడానికి రెండు క్షణాలు చాలు. కానీ ఒళ్లు మండింది. తగిన శాస్తి, నేర్చుకోనీ అనుకున్నాను. అసలు సంగతి పోస్టు. మూతలు అలాగే వదిలేశాను.

మేనేజరు మూతలు చదివి, తెరిచి చూశాడు. "ఉప్పునీటికే చచ్చాయేంటమ్మా?"

చెల్లెలి మొహం పాలిపోయింది. "మూతలు మారాయేమో సార్. అక్కా, తుడిచినప్పుడు గానీ...?"

"నేను జాగ్రత్తగానే పెట్టాను."

"మళ్లీ చేసి చూపిస్తాను సార్."

"పోస్టుకి పేరు ఇవాళే పంపాలమ్మా" అన్నాడాయన.

పోస్టు నాకు వచ్చింది. ఆ బాక్టీరియా తన విషం తనకు తగలకుండా ఇంకో ప్రొటీన్ చేసుకుంటుందని చెల్లెలే ఓసారి చెప్పింది. నాకు అలాంటిదేమీ లేదు, ఆ ఉత్తర్వును రెండోసారి చదవలేక మడిచి సంచిలో పెట్టేశాను.

ఉత్తర్వు వచ్చిన సాయంత్రం చెల్లెలు ప్లేట్లు కడుగుతూ, "నువ్వు చెప్తూనే ఉన్నావు, అడుగున రాయమని. నాదే తప్పక్కా" అంది. తడి చేతులు తుడుచుకుని నన్ను కావలించుకుంది. నేను కడిగిన మూతలు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.