ఎల్లాజీ తిప్పని కాగితం

నేను ఒక నవలని. తెనాలిలో అచ్చయ్యాను. నా నిండా ఓడలు, గొడ్డళ్ళు, ఊళ్ళ మీద పడి దోచుకునే వైకింగులు, వాళ్ళ పేరు వింటేనే తలుపులు బిగించుకునే సాక్సన్లు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లండు సంగతులన్నమాట. నన్ను రాసినాయన పడవెక్కి ఎరగడు. అందుకే నా వైకింగులు కోపమొస్తే అచ్చం గుంటూరు వాళ్ళలా తిట్టుకుంటారు. బొమ్మలేసినాయన సాక్సన్ రాజుకి నాటకాల దుర్యోధనుడి మీసాలు తగిలించాడు. అయినా నేను బాగానే అమ్ముడుపోయాను.

భీమిలిలో శేషగిరి గారి అద్దె పుస్తకాల కొట్టుకి చేరాక చాలా చేతులు చూశాను. ఒకాయన యుద్ధాలు మాత్రమే చదివేవాడు. ఒకావిడ నా మీద చారు గిన్నె పెట్టింది. చివరికి చేపల వేట బోటు మీద పనిచేసే ఎల్లాజీ నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. అతను పైకి చదువుతుంటే, చదువు రాని భార్య కాసులమ్మ ఎండు చేపలు ఏరుకుంటూ వినేది.

ఎల్లాజీకి ఒక పట్టింపు ఉంది. ఏ పుస్తకమైనా సరే, వేటకి వెళ్ళే ముందు చివరి అధ్యాయం చదవకుండా వదిలేస్తాడు.

"ఇంటికాడ ఏదో ఒకటి మిగిలుండాల. లేపోతే ఒడ్డు మనల్ని ఎందుకు పిలుత్తాది?" అనేవాడు.

నాలోనూ అలాగే ఆగాడు. వైకింగుల ఓడలో తెడ్డు వేస్తున్న బందీ ఎడ్రిక్, తన ఊరి తీరం కనబడగానే సముద్రంలోకి దూకేశాడు. ఈదలేక మునిగిపోతున్నాడు. వైకింగు నాయకుడు తాడు చేతిలోకి తీసుకున్నాడు. అక్కడ మూల మడిచి, దేవుడి పటం పక్కన నన్ను పెట్టి, ఎల్లాజీ వెళ్ళిపోయాడు.

బోటు ఇంజను పాడై, పక్క దేశం నీళ్ళలోకి కొట్టుకుపోయిందని, అందరినీ అక్కడి జైల్లో పెట్టారని తర్వాత కబురొచ్చింది. కాసులమ్మ నన్ను పెళ్ళి చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచింది. పక్కింటి పిల్ల చివరిది చదివి పెడతానంటే కసురుకుంది. చిరిగిన అట్టకి కూడా ఊరందరితో పోట్లాడే శేషగిరి గారు ఒకరోజు నాకోసం వచ్చాడు.

"మా ఇంటాయన ఒచ్చి ఆకరిది సదివినాక ఇచ్చేత్తాను బాబూ. అందాకా ఇవ్వలేను" అంది కాసులమ్మ.

ఆమె నన్ను పెట్టెలోంచి తీసి చూపిస్తే, ఎల్లాజీ మడిచిన మూల ఆయన చూశాడు. తన కొట్లో పుస్తకాలకేం కొదవ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు.

పెట్టెలో నాకు నిజంగా భయమేసింది. ఎడ్రిక్ ఏమయ్యాడో నాకు తెలుసు. ఎల్లాజీ ఏమయ్యాడో తెలియదు.

వానలు వెళ్ళి, చలి మొదలయ్యాక వాళ్ళని వదిలిపెట్టారు. ఎల్లాజీ నా వైకింగుల్లాగే గడ్డంతో గుమ్మంలోకి వచ్చాడు. కాసులమ్మ ఏడ్చింది, చేపల పులుసు పోసి అన్నం పెట్టింది, చెయ్యి కడుక్కోగానే నన్ను తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

అతను చదివాడు. నాయకుడు విసిరిన తాడు ఎడ్రిక్‌ని బంధించడానికి కాదు, బతికించడానికి. అక్కడ ఎల్లాజీ నా మీంచి తలెత్తాడు.

"మా బోటుకీ ఆ దేశపోల్లే తాడేసినారు, కాసులూ. లేపోతే ములిగిపోదుము. తరవాత జైల్లో ఎట్టినారనుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. మళ్ళీ చదివాడు. ఎడ్రిక్ తన ఇంటి తలుపు తట్టాడు, లోపల దీపం కదిలింది. పేజీ అయిపోయింది. ఎల్లాజీ కాగితం తిప్పబోతుంటే కాసులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఉండనీ. మల్లీ ఏటకి ఎల్తావు గదా."

అతను నన్ను మూసేశాడు.

ఇప్పుడు శేషగిరి గారి కొట్టు లేదు. నేను ఆ పెట్టెలోనే, ఆ చీరలోనే సుఖంగా ఉన్నాను. ఎల్లాజీ వేటకి వెళ్తాడు, వస్తాడు. ఆ కాగితం వెనక తలనూనె ప్రకటన ఒకటి, దానిపైన ఒకే ఒక్క మాట ఉన్నాయి. 'సమాప్తం' అన్న ఆ మాటని ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చదవలేదు.